ఓటీ షీట్లో ఏ గంట ఎక్కడ పోతుంది



ఒక కార్మికుడు నెలలో 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున పనిచేశాడనుకుందాం. మొత్తం 208 గంటలు. ఆ గంటలన్నీ ఎక్సెల్ షీట్లో ఒకదాని కింద ఒకటి వేసి అడుగున కూడమంటే, మామూలు టైము ఫార్మాటులో అక్కడ కనిపించే జవాబు 16. మిగతా 192 గంటలు కనబడవు. హెచ్చరిక రాదు, ఎర్ర గుర్తు రాదు. పక్క గడుల్లో ఉన్న అంకెల్లాగే ఆ 16 కూడా నిజమైన అంకెలాగే కనిపిస్తుంది.

జీడిమెట్లలో, బాలానగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో, విశాఖ పక్కన పరవాడలో ఎన్నో చిన్న యూనిట్లున్నాయి. పెద్ద కంపెనీల్లో హాజరు లెక్కకు ప్రత్యేకంగా సాఫ్ట్‌వేరు ఉంటుంది. ముప్పై నలభై మంది పనిచేసే చోట టైమ్ ఆఫీసు అంటే చాలాసార్లు ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ఎక్సెల్ ఫైలు. ఆ ఫైలు ఎప్పుడో ఎవరో తయారుచేసి ఇచ్చి ఉంటారు. నెల మారగానే పాత షీటును కాపీ చేసి, కొత్త నెల పేరు పెట్టి, పేర్లూ టైములూ ఎక్కిస్తారు. అందులో ఒక్క గడిలో సూత్రం తప్పుగా ఉంటే ఆ తప్పు కూడా నెలనెలా కాపీ అవుతూ వస్తుంది.

ఈ తప్పుల్లో నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. షీటు ఓటీ, అంటే ఓవర్‌టైము, ఎక్కువ చూపిస్తే ఆఫీసులో ఎవరో ఒకరు పట్టుకుంటారు. డబ్బు బయటికి పోతోంది కాబట్టి రెండోసారి చూస్తారు. తక్కువ చూపిస్తే మాత్రం గమనించగలిగినవాడు కార్మికుడు ఒక్కడే. షీటేమో అతని కంటపడదు. అతని చేతికి వచ్చేది చివరి మొత్తం. కాబట్టి ఓటీ షీటు బాగుందో లేదో తేల్చడానికి నేను అడిగే ప్రశ్న ఒక్కటే: పనిచేసిన మనిషి దాన్ని చూసి, తన లెక్కతో పోల్చుకుని, ఇదిగో ఇక్కడ తప్పు అని వేలు పెట్టి చూపించగలడా? ఈ ప్రసంగంలో నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

ముందుగా ఆ 192 గంటలు ఎక్కడికి పోయాయో చూద్దాం. ఎక్సెల్ లెక్కంతా రోజుల్లోనే. ఒక రోజు అంటే దానికి 1. మధ్యాహ్నం పన్నెండు అంటే 0.5. తొమ్మిది గంటలు అంటే 0.375. మనం గడిలో 9:00 అని కొడితే లోపల 0.375 అని ఉంచుకుని, పైకి 9:00 అని చూపిస్తుంది. తారీఖుల సంగతీ ఇంతే. 1900 జనవరి 1ని ఒకటిగా పట్టుకుని అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తుంది. కాబట్టి 208 గంటలు అంటే దాని దృష్టిలో ఎనిమిది రోజులూ, ఇంకో 16 గంటలూ. మామూలు టైము ఫార్మాటు గోడ గడియారంలా పనిచేస్తుంది. ఇరవైనాలుగు దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలు. రోజులు పక్కకు పోయి గంటలే కనబడతాయి. దీనికి మందు చిన్నదే. గడి ఫార్మాటులో గంటను సూచించే అక్షరం చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే 208:00 అని పూర్తిగా చూపిస్తుంది.

అయితే చూపు సరిచేసినంత మాత్రాన లెక్క సరిపోదు. ఒక కార్మికుడికి నెలలో 10 గంటల ఓటీ వచ్చింది, గంటకు 150 రూపాయలు. గడిలో 10:00 అని ఉంది కదా అని దాన్ని 150తో గుణిస్తే 1,500 రావాలి. వచ్చేది 62 రూపాయల 50 పైసలు. ఎందుకంటే లోపల ఉన్నది పది కాదు, ఒక రోజులో పది గంటల భాగం, అంటే 0.4167. ఇంత పెద్ద తేడా కాబట్టి ఎవరైనా పట్టేస్తారు. పట్టలేనిది ఇంకొకటి ఉంది. పని గంటలు 9 దాటితే ఓటీ వెయ్యి, లేకపోతే సున్నా వెయ్యి అని సూత్రం రాస్తారు. ఆ రోజు మనిషి 11 గంటలు పనిచేశాడు. లోపల 0.458 ఉంది. అది 9 కన్నా పెద్దదా? కాదు. కాబట్టి సున్నా. ఎన్ని గంటలు పనిచేసినా సున్నానే. నెలంతా అందరి వరుసల్లోనూ సున్నాలే ఉంటే అనుమానం రావచ్చు. కొందరి ఓటీని చేత్తో వేసి, కొందరిని సూత్రానికి వదిలేసిన షీట్లో ఆ అనుమానం కూడా రాదు. అందుకని గంటల గడిని ముందే 24తో గుణించి, మామూలు అంకెగా మార్చి, ఆ తరువాతే ఏ పోలికైనా, ఏ గుణకారమైనా చేయాలి.

మన దగ్గర దీనికన్నా ఎక్కువగా జరిగే తప్పు చుక్క. మనం కాగితం మీద ఎనిమిదిన్నరను 8.30 అని చుక్కతో రాయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటుతోనే షీట్లో కూడా చుక్క కొడతాం. ఎక్సెల్‌కు అది ఎనిమిదీ, పదింట మూడు వంతులూ. పొద్దున 9 గంటల 10 నిమిషాలకు డ్యూటీ ఎక్కి, సాయంత్రం 6 గంటల 50 నిమిషాలకు దిగిన మనిషిని తీసుకోండి. అతని పని 9 గంటల 40 నిమిషాలు. చుక్కతో రాస్తే 18.50లోంచి 9.10 తీసేస్తే 9.40 వస్తుంది. చూడ్డానికి సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది. తొమ్మిది గంటలు తీసేస్తే ఓటీ 0.40. దాన్ని గంట రేటుతో గుణిస్తే 24 నిమిషాల డబ్బు వస్తుంది. చేసింది 40 నిమిషాలు. ఇంకో రోజు ఇదే చుక్క వల్ల ఎక్కువ కూడా రావచ్చు. రెండూ తప్పే. టైము కొట్టే గడులకు ముందే నిబంధన పెట్టి, రెండు చుక్కల గుర్తుతో వచ్చిన టైము తప్ప ఇంకేదీ తీసుకోకుండా చేయవచ్చు. డేటా వ్యాలిడేషన్ అనే సదుపాయం అందుకే ఉంది. షీటు తయారుచేసేవాళ్ళు ఆ ఒక్క పని చేసిపెడితే, తరువాత కూర్చునే టైమ్ కీపరుకు సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏ గంట ఓటీ అవుతుంది? షీట్లో మనం 9 అనో 48 అనో తేలిగ్గా కొట్టేస్తాం. ఆ అంకెల వెనక చాలా చరిత్ర ఉంది. మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. అందులో పెద్దవాళ్ళ పని గంటలకు పరిమితే లేదు. 1911లో బట్టల మిల్లుల్లో మగవాళ్ళకు రోజుకు 12 గంటలు అన్నారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంలోనే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 అని పెట్టింది. భారతదేశానికి మాత్రం వారానికి 60 గంటలని మినహాయింపు ఇచ్చింది. 1922లో మన చట్టంలో రోజుకు 11, వారానికి 60 అయింది. 1934లో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకు 10, 54. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన డాక్టర్ అంబేడ్కర్ చేసిన కృషితో 1946లో వారానికి 48 గంటలు చట్టమైంది. దాన్నే 1948 ఫ్యాక్టరీల చట్టం స్థిరపరచింది. ఇది 1949 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 60 నుంచి 48కి రావడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. గడిలో 48 కొట్టే ప్రతిసారీ ఈ సంగతి గుర్తుంటే బాగుంటుందని నా కోరిక.

1948 చట్టంలో 59వ సెక్షను ఓటీ గురించి చెప్పేది. ఒక రోజులో 9 గంటలు దాటినా, ఒక వారంలో 48 గంటలు దాటినా, ఆ అదనపు పనికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలన్నది. ఈ వాక్యంలో 'రోజు', 'వారం' రెండూ ఉన్నాయి. షీట్లు తయారుచేసేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుదాం. వీలుంటే కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మొదటి వారం. సోమవారం 11 గంటలు, మంగళవారం 9, బుధవారం 8, గురువారం 10, శుక్రవారం పర్మిషన్ తీసుకుని 6, శనివారం 4. మొత్తం 48. వారం లెక్కే చూసే షీటు ఈ మనిషికి ఓటీ లేదంటుంది. రోజు లెక్క చూస్తే సోమవారం రెండు గంటలు, గురువారం ఒక గంట, మొత్తం మూడు గంటల ఓటీ ఉంది. శుక్రవారం త్వరగా వెళ్ళాడు కాబట్టి సోమవారం రాత్రి దాకా ఉన్నది చెల్లు అనే వాదన ఆఫీసుల్లో వినబడుతూ ఉంటుంది. చట్టంలో ఆ చెల్లు లేదు.

రెండో వారం. ఆరు రోజులూ తొమ్మిదేసి గంటలు. మొత్తం 54. రోజు లెక్కలో ఒక్క నిమిషం కూడా ఓటీ రాదు. వారం లెక్కలో ఆరు గంటలు వస్తుంది.

మూడో వారం. సోమవారం 11, మిగతా ఐదు రోజులూ 9. మొత్తం 56. రోజు లెక్కలో 2, వారం లెక్కలో 8. రెండూ కలిపి 10 వేస్తే తప్పు. సోమవారం నాటి ఆ రెండు గంటలు వారం లెక్కలోని ఎనిమిదిలో ముందే ఉన్నాయి కదా. రావలసింది 8.

మూడు వారాలకీ సరైన జవాబులు 3, 6, 8. ఇంత వివరం చూసి సూత్రం చాలా పెద్దదై ఉంటుందనుకుంటారు. అక్కర్లేదు. రోజుల ఓటీల మొత్తం ఒకవైపు, వారం మొత్తంలోంచి 48 తీసేయగా మిగిలినది ఇంకోవైపు పెట్టి, ఆ రెంటిలో పెద్దది తీసుకోవడమే. ఎక్సెల్‌లో దానికి మ్యాక్స్ అనే ఒక్క ఫంక్షను చాలు. కొంతమంది ముందు రోజు ఓటీ పక్కకు తీసి, మిగిలిన మామూలు గంటలు 48 దాటితే ఆ మిగులును మళ్ళీ కలుపుతారు. అదీ సరైనదే. రెండు దారులూ ఎప్పుడూ ఒకే జవాబుకు చేరతాయి. మీరే మూడు వారాలకూ వేసి చూడండి.

చట్టం కూడా ఇప్పుడు ఈ మాటే విస్పష్టంగా చెబుతోంది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2020లో పార్లమెంటు ఆమోదం పొంది, 2025 నవంబరు 21 నుంచి 1948 చట్టం స్థానంలో అమల్లోకి వచ్చింది. ఓటీని రోజు లెక్కనైనా, వారం లెక్కనైనా, ఏది కార్మికుడికి ఎక్కువ లాభమో దాని ప్రకారం కట్టాలని దాని 27వ సెక్షను అంటుంది. ఆ సెక్షనులోని భావం మన షీట్లో మ్యాక్స్ అనే ఒక్క మాటలో ఒదిగిపోతుంది. ఓటీ చేయించాలంటే కార్మికుడి సమ్మతి ఉండాలని కూడా అదే సెక్షను చెబుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంతకు ముందు చెప్పిన 24 గంటల గడియారం తప్పు, ఈ 48 గంటల వారం దగ్గర చాలా మోసకరంగా మారుతుంది. 54 గంటల వారాన్ని మామూలు ఫార్మాటులో కూడితే 6:00 అని కనిపిస్తుంది. నిజమైన ఓటీ కూడా ఆరే. 56 గంటల వారం 8:00 అని కనిపిస్తుంది. నిజమైన ఓటీ కూడా ఎనిమిదే. 48 అంటే సరిగ్గా రెండు రోజులు కాబట్టి ఇలా కుదురుతుంది. ఇది చూసి, షీటు తనంతట తానే ఓటీ తీసి ఇస్తోందని నమ్మేవాళ్ళుంటారు. మనిషి 47 గంటలే పనిచేసిన వారంలో ఆ గడి 23:00 అని చూపిస్తుంది. ఆ రోజు మాత్రం షీటు పాడైందంటారు. అది మొదటి నుంచీ పాడయ్యే ఉంది.

మరి రోజు పరిమితి 9 అనే అంకెను సూత్రంలోనే రాసెయ్యాలా? వద్దు. దాని కోసం షీటు పైభాగంలో ఒక గడి కేటాయించండి. పక్కనే 'రోజు పరిమితి' అని తెలుగులో రాయండి. సూత్రాలన్నీ ఆ గడిని చూడాలి. 2020 స్మృతి రోజుకు 8 గంటలంటుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన సవరణ ఫ్యాక్టరీల్లో 1948 చట్టంలోని 9ని 10 చేసింది. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా అనుమతిస్తూ, వారానికి 48 మాత్రం అలాగే ఉంచింది. పది గంటల మీద కార్మిక సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరానికి కారణం ఏమిటో మన మొదటి వారం చెబుతుంది. అదే మనిషి, అవే 48 గంటలు. పరిమితి గడిలో 10 పెడితే అతనికి ఓటీ ఒక గంట. 9 పెడితే మూడు గంటలు. 8 పెడితే ఆరు గంటలు. ఒక్క గడిలో ఒక్క అంకె మారితే ఒక మనిషి వారం ఇంతగా మారుతుంది. అలాంటి అంకెను ఎవరికీ కనబడని సూత్రం మధ్యలో దాచడం న్యాయం కాదని నా అభిప్రాయం.

సీ షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు సంగతి చూద్దాం. రాత్రి 10కి ఎక్కి పొద్దున 6కి దిగితే, ఆరులోంచి ఇరవైరెండు తీసేయాలి. మైనస్ వస్తుంది. ఎక్సెల్ గడి నిండా కంచెలాంటి # గుర్తులు పరుస్తుంది. దీనికి మాడ్ అనే ఫంక్షను వాడతారు. దిగిన టైములోంచి ఎక్కిన టైము తీసేసి, కామా పెట్టి ఒకటి అని రాస్తే, ఎనిమిది గంటలు సరిగ్గా వస్తుంది. బాగానే ఉంది. కానీ రిలీవరు రాక, మనిషి పొద్దున 6 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా మెషీను దగ్గరే ఉండిపోయిన రోజు ఒకటి వస్తుంది. అలాంటి రోజు రాకూడదు, కానీ వస్తుంది. అప్పుడు మాడ్ సున్నా చూపిస్తుంది. ఇరవైనాలుగు గంటలూ పనిచేసినవాడు అసలు పనికే రానట్టు! అందుకని టైముతో పాటు తారీఖు కూడా ఒకే గడిలో కొట్టించడం అన్నిటికన్నా మేలు. అప్పుడు మామూలు తీసివేత చాలు, మాడ్ అక్కర్లేదు. అర్ధరాత్రి దాటిన గంటలు ఏ రోజు ఖాతాలోకి పోతాయన్న సందేహం కూడా వస్తుంది. 1948 చట్టం 57వ సెక్షను వాటిని షిఫ్టు మొదలైన రోజుకే చేర్చింది. అర్ధరాత్రి దగ్గర గంటల్ని రెండు ముక్కలు చేసి, రెండు రోజుల్లోనూ తొమ్మిది దాటకుండా చూపించే షీటు ఈ నియమాన్ని మీరినట్టే.

భోజన విరామం గురించి క్లుప్తంగా చెబుతాను. అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విరామం ఉండాలని పాత చట్టం చెప్పింది. చాలా షీట్లు ప్రతి రోజూ అరగంట వాటంతట అవే తీసేస్తాయి. బాయిలరు దగ్గరో, ఫర్నేసు దగ్గరో ఉన్నవాడు మధ్యాహ్నం మెషీను పక్కనే నిలబడి టిఫిను డబ్బా తెరిచిన రోజు కూడా ఆ అరగంట పోతుంది. విరామానికి వేరే నిలువు వరుస పెట్టి, నిజంగా ఇచ్చిన నిమిషాలే అందులో వెయ్యాలి.

ఇక నిమిషాల దగ్గరికి వస్తే, ఓటీని కింది అరగంటకు దించి లెక్కకట్టడం చాలా చోట్ల వాడుక. ఇరవై నిమిషాలైతే సున్నా, నలభై అయితే అరగంట. దీనికి వాడే ఫంక్షను పేరు ఫ్లోర్. రోజూ 12 నిమిషాలు ఆలస్యంగా దిగే మనిషికి ఇందులో ఏమీ రాదు. 26 రోజులకు 312 నిమిషాలు, అంటే 5 గంటల 12 నిమిషాలు. గంటకు 150 చొప్పున 780 రూపాయలు. నెలకు 780 రూపాయలంటే ఇంట్లో పాల ఖర్చుకో, పిల్లవాడి ట్యూషనుకో సాయపడే మొత్తం. నా మాట అడిగితే, అసలు దించవద్దనే అంటాను. కంప్యూటరుకు నిమిషాలు కూడడం కష్టమేమీ కాదు. కాగితం మస్టరు రోజుల్లో చేతి కూడిక సులువు కావాలని అరగంటల లెక్క పెట్టుకుని ఉంటారు. షీటు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ఒక రకం రౌండింగ్ మాత్రం తప్పకుండా చేయాలి. భిన్నాల్లో టైము దాచుకోవడం వల్ల ఎక్సెల్‌లో పదిహేనో అంకె దగ్గర చిన్న తేడాలు వస్తుంటాయి. దాంతో సరిగ్గా తొమ్మిది గంటలు చేసినవాణ్ని దాటినట్టుగా, దాటనట్టుగా ఎలాగైనా చూపించవచ్చు. తీసివేత ఫలితాన్ని 1440తో, అంటే రోజులోని నిమిషాలతో గుణించి, దగ్గరి నిమిషానికి రౌండ్ చేస్తే ఆ గొడవ ఉండదు.

రేటు దగ్గర ఇంకో రకం నష్టం ఉంది. నెలకు 15,600 రూపాయల జీతం అనుకుందాం. 26 రోజులతో భాగిస్తే రోజుకు 600, ఎనిమిదితో భాగిస్తే గంటకు 75. రెట్టింపు 150. ఇప్పుడు ఆ 15,600లో బేసిక్ సగమే, 7,800 అనుకోండి. రెట్టింపును బేసిక్ మీదే కడితే గంటకు 75 వస్తుంది. డబుల్ ఓటీ అని కాగితం మీద ఉంటుంది, చేతికి మాత్రం సింగిల్ రేటే వస్తుంది. 1948 చట్టం 59వ సెక్షనే దీన్ని ఆపింది. మామూలు రేటు అంటే బేసిక్‌తో పాటు అలవెన్సులు కూడా, బోనసూ ఓటీ తప్ప, అని రాసింది. కొత్త వేతనాల స్మృతిలో నిర్వచనం మారింది. ఇంటి అద్దె, రవాణా అలవెన్సుల్లాంటివి వేతనంలోకి రావు. అయితే అలా పక్కకు పెట్టినవి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. కాబట్టి షీట్లో ఓటీ రేటు గడి పక్కన అది ఏయే మొత్తాల నుంచి వచ్చిందో వివరంగా రాయడం ఇప్పుడు మునుపటికన్నా ముఖ్యం. కార్మిక సంఘాలు ముందుగా అడిగి చూడవలసిన గడి ఇదేనని నేననుకుంటున్నాను.

మూడు నెలల్లో ఇన్ని గంటలకు మించి ఓటీ చేయించకూడదని కూడా చట్టంలో పరిమితి ఉంది. 1948 చట్టంలో అది మామూలుగా 50, కొన్ని సందర్భాల్లో 75గా ఉండేది. దీన్ని షీట్లో పెట్టే పద్ధతి చూసి నాకు చాలాసార్లు కష్టం కలిగింది. మిన్ అనే ఫంక్షను పెట్టి, పరిమితి దాటిన గంటలు కనబడకుండా కోసేస్తారు. పరిమితి ఉన్నది పనిచేయించేవాళ్ళకు. చేసిన పనికి డబ్బు ఎగ్గొట్టడానికి కాదు. పరిమితి దాటబోతే గడి ఎర్రబడాలి, సూపర్‌వైజరుకు అది తెలియాలి, ఆ మనిషికి ఇక ఓటీ వెయ్యకూడదు. అప్పటికే చేసి ఉంటే ఆ గంటలన్నీ లెక్కలోకి రావాలి.

ఎక్కిన టైము, దిగిన టైము ఉన్న అసలు షీటును ముట్టుకోకుండా విడిగా దాచాలని గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 2020 ఏప్రిల్ 17న, కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో, గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటలు పనిచేయించవచ్చనీ, అదనపు గంటలకు రెట్టింపు కాకుండా మామూలు రేటే ఇవ్వవచ్చనీ ఉత్తర్వు ఇచ్చింది. గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అదే ఏడాది అక్టోబరు 1న జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం ఆ ఉత్తర్వులను కొట్టేసి, ఆ నెలల్లో పనిచేసిన కార్మికులకు 59వ సెక్షను ప్రకారం ఓటీ చెల్లించాలని ఆదేశించింది. వెనకటి నెలల ఓటీని తిరిగి కట్టాలంటే ఏం కావాలి? చెల్లించిన మొత్తం ఒక్కటే దాచుకున్న షీటు అందుకు పనికిరాదు. ప్రతి మనిషి ప్రతి రోజూ ఎప్పుడు ఎక్కాడు, ఎప్పుడు దిగాడు అన్న టైములు ఉంటేనే ఆ లెక్క మళ్ళీ కట్టగలం.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు, నిజామాబాద్, జగిత్యాల, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి వెళ్ళినవాళ్ళకు, ఒక మాట. యూఏఈ చట్టంలో ఓటీ అంటే మామూలు రేటు మీద నాలుగో వంతు ఎక్కువ. రాత్రి 10కీ తెల్లవారి 4కీ మధ్య చేస్తే సగం ఎక్కువ. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు ఈ రాత్రి నియమం వర్తించదు. కాబట్టి మొత్తం ఓటీ గంటలు రాసుకుంటే చాలదు, ఏ టైము నుంచి ఏ టైము దాకా అన్నది కూడా ఫోనులోనో నోటుబుక్కులోనో రాసుకోవాలి. అదే పని అయినా రాత్రి తొమ్మిదికి ఒక రేటు, పదకొండుకి ఇంకో రేటు.

షీటు సరిగ్గా ఉందో లేదో పేర్లు ఎక్కించకముందే పరీక్షించవచ్చు. జవాబు మనకు ముందే తెలిసిన వరుసలు నాలుగైదు వేసి చూడండి. రోజు పరిమితి గడిలో 9 పెట్టి ఇందాకటి మూడు వారాలూ వేస్తే 3, 6, 8 రావాలి. రాత్రి షిఫ్టు ఒకటి వేస్తే 8 గంటలు రావాలి. 9 గంటల 40 నిమిషాల రోజు ఒకటి వేస్తే 40 నిమిషాల ఓటీ రావాలి. ఏ ఒక్కటి తప్పినా ఆ నెల ఆ షీటుతో జీతాలు కట్టవద్దు.

ఇక కార్మికుడికి చూపించే విషయం. వేతనాల స్మృతి ప్రకారం వేజ్ స్లిప్పు ఇవ్వడం యజమాని విధి. నెలజీతం తరువాతి నెల ఏడో తారీఖు లోపల చెల్లించాలి. ఒకటో తారీఖుకూ ఏడో తారీఖుకూ మధ్య మనకు టైముంది. రెండో తారీఖున ప్రతి మనిషికీ అతని ఓటీ రోజులు, తారీఖు, ఎక్కిన టైము, దిగిన టైము, విరామం, ఓటీ నిమిషాలతో ఒక చిన్న ప్రింటు ఇవ్వండి. పైన రోజు పరిమితి, వారం పరిమితి, గంట రేటు మూడూ రాసి ఉండాలి. తేడా ఉందన్నవాళ్ళు నాలుగో తారీఖు దాకా టైమ్ ఆఫీసుకు వచ్చి చెప్పవచ్చని అదే కాగితం మీద తెలుగులో, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళుంటే హిందీలో, ఒడియాలో కూడా రాయండి. వచ్చినవాణ్ని బల్లకు ఇవతల నిలబెట్టి మాట్లాడవద్దు. కంప్యూటరు తెర అతనివైపు తిప్పి, అతను చెప్పిన రోజు గడి మీద నొక్కి, సూత్రం చూపించి, అతని ఎదుటే సరిచేయండి. అయిదో తారీఖుకు జీతాల షీటు బ్యాంకుకు పంపవచ్చు.